ఓరుగల్లులో రెండు రోజులు: కొత్త దంపతులకు హలాల్ ప్రయాణం

పెళ్లయిన కొత్తలో ఎక్కడికైనా పోయొద్దామనుకునే మన ముస్లిం జంటలు కశ్మీర్, ఊటీ అని లెక్కలేసుకుని, సెలవు దొరక్క ఆగిపోతుంటారు. కరీంనగర్‌కైనా హైదరాబాద్‌కైనా ఓరుగల్లు (ఇప్పటి వరంగల్) చేరువే. ఏకశిల గుట్టను నడుమ పెట్టుకుని, చుట్టూ వరుస కోటగోడలతో కాకతీయులు కట్టిన నగరం అది. అక్కడి నుంచి రెండు గంటలు పోతే అడవి, అడవి మధ్య చెరువులు. శుక్రవారం రాత్రికి చేరి ఆదివారం సాయంత్రం రైలెక్కితే చాలు. అయితే గది, తిండి, నమాజు వేళలు మాత్రం బయల్దేరకముందే తేలాలి. చూడాల్సినవాటి జాబితా ముందు రాసుకుని నమాజును సందుల్లో ఇరికిస్తే రెండూ చెడతాయి. ముందు వేళలు రాసుకోండి, వాటి మధ్య రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోకండి. తీరిక లేని ప్రయాణంలో ఇద్దరూ మాట్లాడుకునేదెప్పుడు?

ఇదంతా నికా (పెళ్లి) అయిన జంటల కోసం. మంగ్ని (నిశ్చితార్థం) మాత్రమే అయినవాళ్లు ఇంటివాళ్లతో కలిసే రావాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సరి సంవత్సరాల్లో మాఘమాసంలో మేడారం జాతర పడుతుంది. ఆ రోజుల్లో ములుగు రోడ్డు మీద బండి కదలదు, హన్మకొండలో గది దొరకదు. ఇస్లామీ సఫర్ నెలలో కాజీపేట దర్గా ఉర్సు (ఏటా జరిగే ఉత్సవం) జరిగేటప్పుడు కాజీపేట వైపు గదులకు ఇదే తిప్పలు. ఉర్సు కోసమే వచ్చేవాళ్ల సంగతి వేరు, ఏకాంతం కోరుకునేవాళ్లు ఆ వారం వదిలేయండి.

గది

ఆన్‌లైన్ ఫొటోలు చూసి డబ్బు కట్టకుండా హోటల్‌కు ఫోన్ చేయండి. మొదటి ప్రశ్న: బార్ ఉందా, ఉంటే ఏ అంతస్తులో? 'బార్ అండ్ రెస్టారెంట్' అని బోర్డున్న చోట రాత్రి పొద్దుపోయేదాకా మెట్ల మీద రాకపోకలు, వాసన తప్పవు. రెండోది: స్నానాలగదిలో చేతి షవర్ పనిచేస్తుందా? చాలా గదుల్లో అది వేలాడుతూ ఉంటుంది కానీ నీళ్లు రావు. గదిలోకి పోగానే తిప్పి చూసి, రాకపోతే సంచి విప్పకముందే గది మార్పించుకోండి. మూడోది: మంచం ఒక్కటేనా, రెండు సింగిల్ మంచాలు జరిపి వేసిందా? ఈ మాట అడగడానికి సిగ్గుపడి వచ్చాక ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ.

ఇద్దరి ఆధార్ కార్డులూ అసలువే తీసుకెళ్లండి. కొత్త పెళ్లికూతురి కార్డులో పుట్టింటి చిరునామా, తండ్రి పేరే ఉంటాయి కాబట్టి కౌంటర్‌లో అనుమానపు ప్రశ్నలు రావచ్చు. నికానామా ఫొటో ఫోన్లో ఉంచుకుంటే మాట అక్కడితో ఆగిపోతుంది.

వరంగల్ నుంచి ఖిబ్లా (నమాజుకు తిరగాల్సిన మక్కా దిక్కు) నేరు పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి సుమారు 12 డిగ్రీలు జరిగి ఉంటుంది. ఫోన్ దిక్సూచిలో 282 దగ్గర. ఇనుప బీరువా పక్కన, కారులోపల దిక్సూచి తప్పు చూపిస్తుంది. గది మధ్యలో నిలబడి చూసుకోండి.

తిండి

'హలాల్' అన్న బోర్డు ఒక్కటే చాలదు. కోడి, మటన్ తెలిసిన దుకాణం నుంచి తెచ్చినా, ఫ్రీజర్‌లోని నగ్గెట్లు, సాసేజీలు ఎక్కడివో వడ్డించే కుర్రాడికి తెలియదు. అడగాల్సింది వంటాయనను: "అన్నా, కోడి ఏ షాపు నుంచి తెస్తరు? ఎవరు జబా చేస్తరు?" జబా అంటే అల్లా పేరు చెప్పి కోయడం. జవాబు వెంటనే వస్తే నమ్మొచ్చు. నీళ్లు నమిలితే పప్పు, గుడ్డు, జొన్నరొట్టెతో సరిపెట్టుకోవాలి. వరంగల్ మండీబజార్‌లో ఈ అడుగుడు అవసరం తక్కువ, రాత్రి భోజనం అక్కడ పెట్టుకోండి. రంజాన్ నెలలో హలీం కోసం సగం ఊరు అక్కడే ఉంటుంది.

ములుగు దాటాక రోడ్డు పక్కన బొంగు చికెన్ ఊరిస్తుంది. వెదురు బొంగులో కాల్చడం వల్ల దోషమేమీ లేదు, కోడిని కోసిందెవరన్నదే చిక్కు. మీ ఎదుట మీ ఆయనే జబా చేసే వీలుంటే తినండి, లేకపోతే చేప అడగండి. చేపకు జబా అక్కర్లేదు. కానీ అదే మూకుడు నూనెలో కోడిముక్కలు వేయించి ఉంటారు కాబట్టి కొత్త నూనెకు వేరే డబ్బులిస్తామని చెప్పండి. గదిలో కేక్ కోయాలనుకుంటే మూస్ (నురగలాంటి క్రీమ్), జెల్లీ పొర ఉన్నవి మానండి, వాటిలో తరచూ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. మామూలు స్పాంజి కేక్ నయం.

శనివారం: రామప్ప, లక్నవరం

ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) అయ్యాక 7 గంటలకు బయల్దేరండి. మాట్లాడుకున్న కారు డ్రైవర్‌కు నమాజుకు ఎక్కడ ఆగాలో ముందే చెప్పాలి, దారిలో చెబితే తన అలవాటు దాబా దగ్గరే ఆపుతాడు. హన్మకొండ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట దాదాపు 65 కిలోమీటర్లు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇది పూజలు జరిగే గుడి. లోపలికి పోవడానికి మనసొప్పనివాళ్లు కూడా చూడాల్సిన పనితనాన్ని పోగొట్టుకోరు. నల్లరాతి మదనికలు (నిలువెత్తు స్త్రీ శిల్పాలు) బయటి స్తంభాలకే, చూరు కింద ఉంటాయి. చుట్టూ తిరిగి చూడొచ్చు. చెప్పులు విప్పాలి. పది దాటితే రాయి కాలుతుంది, ఇద్దరికీ మందపాటి సాక్సులు పెట్టుకోండి.

పదకొండు ప్రాంతంలో లక్నవరం చెరువు. వేలాడే వంతెన ఊగుతుంది, చెరువు మీద గాలి ఎక్కువ. చున్నీకి ఒక పిన్ను చాలదు, గడ్డం కింద ఒకటి, భుజాల మీద చెరొకటి పెట్టాలి. పడవలో లైఫ్ జాకెట్ బురఖా మీదే వేసుకుని, పొడవైన అంచును మోకాళ్ల మధ్యకు మడుచుకుంటే ఎక్కేటప్పుడు కాళ్లకు తట్టదు.

జుహర్ (మధ్యాహ్న నమాజు) ఇక్కడే పడుతుంది. చిన్న ఊళ్ల మసీదుల్లో ఆడవాళ్లకు చోటు ఉండకపోవడం మామూలే, భర్త లోపల చదువుకుని వచ్చేదాకా భార్య కారులో కాచుకోవడం న్యాయం కాదు. పల్చటి జానిమాజ్‌లు (నమాజు చాపలు) రెండు, వజూకు (నమాజుకు ముందు కడుక్కోవడానికి) మనిషికి లీటరు చొప్పున నీళ్లు తీసుకెళ్లి, జనం లేని చెట్టునీడన ఇద్దరూ చదువుకోండి. హనఫీ ధర్మశాఖ లెక్కలో సుమారు 77 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి కసర్ (నమాజును కుదించి చదవడం) వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు నాలుగు రకాతుల (నమాజులోని ఆవృత్తుల) ఫర్జ్ (తప్పనిసరి నమాజు) రెండవుతుంది, మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) మూడే. స్థానిక ఇమాం వెనుక నిలబడితే నాలుగూ పూర్తిగా చదవాలి. కరీంనగర్ దూరం 70 దరిదాపుల్లోనే కాబట్టి మీ ఇమాంను అడిగి బయల్దేరండి. రెండున్నరకు చెరువు వదిలితే అసర్‌కు (సాయంత్రం నమాజుకు) గదిలో ఉంటారు. అడవిదారిలో చీకటిపడ్డాక పశువులు అడ్డొస్తాయి, ఆలస్యం వద్దు.

ఆదివారం: కోట

పొద్దున్నే ఎనిమిదింటికి వెళ్లండి. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన రాతిగోడ, నాలుగు వైపులా నాలుగు కీర్తితోరణాలు, వాటికి కూతవేటు దూరంలో కుష్ మహల్. 1323లో తుగ్లక్ సేనలకు కోట చిక్కాక ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. కుష్ మహల్ వాలు గోడలు, కమానులు చూస్తే ఆ ఢిల్లీ వాస్తు ఛాయ కనిపిస్తుంది. రెండు రకాల పనితనం ఒకే చోట ఇంత దగ్గరగా చూడడం అరుదు, ఇక్కడ గంట కూర్చోండి. పురావస్తు శాఖ కంచె లోపల మాత్రం జానిమాజ్ పరవకండి, కాపలావాళ్లతో గొడవ కొనితెచ్చుకోవడమే. ఏకశిల గుట్ట ఎక్కేవాళ్లు చదునైన చెప్పులు వేసుకోవాలి. సాయంత్రం ఎక్కదలిస్తే సూర్యాస్తమయానికి 20 నిమిషాల ముందే దిగడం మొదలుపెట్టండి. డిసెంబరులో 5:40కే మగ్రిబ్, చివరి వెలుగు చూద్దామని ఆగితే మెట్ల మీద చీకటి, కింద నమాజు ఆలస్యం.

రైలుకు ముందు వరంగల్‌లోని కొత్తవాడ వెళ్లి జంపఖానా (చేనేత నూలు తివాచీ) కొనండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున్నది జానిమాజ్‌కు సరిగ్గా సరిపోతుంది, జంతువుల బొమ్మలు లేనిది ఏరుకోండి. తడి తెల్లగుడ్డతో ఎర్రచారను గట్టిగా రుద్ది చూసి, రంగు అంటకపోతేనే డబ్బివ్వండి.