తుంటి పక్కన నొప్పి: మూలం ఎక్కడుందో ఎలా తేల్చుకోవాలి?

హన్మకొండలో నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లు కూర్చోకముందే నడుము ఎంఆర్ఐ కవరు బల్ల మీద పెడతారు. "సయాటికా అన్నరు మేడం." అంటే నడుము నరం నొక్కుకుని కాల్లోకి దిగే నొప్పి. నొప్పి ఎక్కడమ్మా అంటే మాత్రం చెయ్యి తుంటి పక్కకు పోతుంది. 3 నెలలు దాటిన ఈ నొప్పికి స్కాన్ కంటే ముందు కావాల్సింది ఒక వేలు, ఒక గోడ, ఒక గడియారం.

ముందు నొప్పిని ఒక్క వేలితో చూపించండి, అరచేత్తో కాదు. గజ్జల్లో ఉండి, సాక్సు తొడుక్కోవడం కష్టంగా ఉంటే కీలు అరుగుదల కావచ్చు. పిర్ర నుంచి మోకాలి కిందిదాకా తిమ్మిరితో దిగితే నడుము నరం. తొడ బయటివైపు చర్మం మొద్దుబారి మండుతుంటే బిగించిన బెల్టో లంగా బొందో నరాన్ని నొక్కుతుందేమో చూడండి.

తర్వాత, పక్కకు తిరిగి పడుకుని తొడ పైన బయటికి తేలిన ఎముకను నొక్కించుకోండి. అక్కడ అసలు నొప్పే లేకపోతే వేరే కారణం వెతకాలి.

ఇక అందరూ పాడుచేసేది ఒంటికాలి పరీక్ష. నొప్పి ఉన్న కాలి మీద 30 సెకన్లు నిలబడాలి, రెండో కాలు మోకాలి దగ్గర మడిచి. గోడకు వేలి కొన మాత్రమే ఆనాలి. మనవాళ్లు భుజమంతా గోడకు ఆనిస్తారు, లేదంటే ఒళ్లు నొప్పివైపు వంచేస్తారు. అట్లా చేస్తే కండరం మీద బరువే పడదు, "ఏం లేదు మేడం" అంటారు. 5 సెకన్లకే దించేసినా లెక్కలోకి రాదు, ఎందుకంటే కొందరికి నొప్పి 20 సెకన్ల తర్వాతే మొదలవుతుంది.

ఆ నొప్పి కూడా ఇందాక నొక్కిన ఎముక మీదే రావాలి. నడుములో వస్తే లెక్క కాదు, పిక్క పట్టేసినా కాదు. తూలేవాళ్లు పక్కన మనిషి లేకుండా చేయొద్దు. కిందపడ్డ తర్వాత మొదలైన నొప్పయితే ఈ పరీక్షే వద్దు, ముందు ఎక్స్‌రే.

ఎముక మీద నొక్కితే నొప్పి, ఒంటికాలి మీదా అక్కడే నొప్పి, రాత్రి ఆ పక్కకు ఒరిగితే మెలకువ: ఈ మూడూ కలిస్తే చాలావరకు పిర్ర కండరాల స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ, దెబ్బతిన్నట్టే. ఒకప్పుడు దీన్ని నీటితిత్తి (ఎముకకూ స్నాయువుకూ మధ్య మెత్తగా ఉండే చిన్న సంచి) వాపు అని రాసేవాళ్లు, ఇప్పటికీ కొందరు అదే రాస్తారు. 40 దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. పిల్లను చంకనెత్తుకుని ఒక తుంటి పక్కకు జార్చి నిలబడటం, కాలు మీద కాలు వేసుకోవడం ఆ స్నాయువును ఎముకకేసి నొక్కుతాయి. పద్మాక్షి గుట్ట మెట్లెక్కిన రాత్రి నొప్పి ఎక్కువైందంటే అందుకే.

ఎంఆర్ఐ చివర్న. నొప్పి లేనివాళ్ల స్కాన్‌లోనూ స్నాయువులో మచ్చలు కనిపిస్తాయి. జ్వరం, బరువు తగ్గడం, కాలు మోపలేకపోవడం ఉంటే మాత్రం ఈ పరీక్షలన్నీ పక్కనపెట్టి అదే రోజు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.