జలుబా, పుప్పొడి ఎలర్జీయా: పది రోజుల కాగితం

వానలు తగ్గి, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ తెల్లగా పూసే రోజుల్లో మా ఇంట్లో ఎవరికి తుమ్ములు మొదలైనా, అది జలుబో, పుప్పొడి పడకపోవడమో తేలక అనవసరంగా మాత్రలు కొంటూ ఉండేవాళ్లము. ఇప్పుడు ఒక కాగితం మీద 10 రోజుల పాటు ఉదయం, రాత్రి నాలుగు విషయాలు రాస్తున్నాము: జ్వరం ఎంత, గొంతు నొప్పి లేదా ఒళ్లు నొప్పులు ఉన్నాయా, కళ్లు దురద పెడుతున్నాయా, ఆ రోజు బయట ఎంతసేపు ఉన్నారు. గొంతు నొప్పితో మొదలై, ఒక్కోసారి కొద్దిపాటి జ్వరంతో సాగి, 7 నుంచి 10 రోజుల్లో తగ్గితే అది చాలావరకు జలుబే. జ్వరం లేకుండా, నీళ్లలా కారే ముక్కుతో, వరుస తుమ్ములతో వారాల తరబడి సాగుతూ, బయట తిరిగిన రోజు పెరిగి, కిటికీలు మూసుకుని ఇంట్లో ఉన్న రోజు తగ్గితే పుప్పొడినే అనుమానించాలి. వీటన్నిటిలో నేను ఎక్కువగా నమ్మేది కళ్ల దురదను; జలుబులో అది అరుదు. చీమిడి రంగును మాత్రం లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే మామూలు జలుబులో కూడా అది పచ్చబడుతుంది.

పరుపుల్లోని దుమ్ము పడనివారికి ఇంట్లోనే, నిద్ర లేవగానే ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక వారి విషయంలో ఈ లెక్క తప్పుతుంది. పిల్లికూతలు, ఆయాసం ఉన్నప్పుడు అసలు 10 రోజులు ఆగకుండా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.