యార్డులో షంటర్ పని: యూకేలో కొత్తగా చేరుతున్న మనవాళ్ళకి

లెస్టర్, డావెంట్రీ వైపు వచ్చిన మనవాళ్ళలో చాలామంది కథ ఒకేలా మొదలవుతుంది. భార్యకి నర్సు ఉద్యోగం వస్తే డిపెండెంట్‌గా వెంట వచ్చినవాళ్ళు, మాస్టర్స్ అయిపోయి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవాళ్ళు ముందు గోడౌన్‌లో పికింగ్‌కి, అంటే ఆర్డర్ల ప్రకారం సరుకు ఏరిపెట్టే పనికి వెళ్తారు. కొన్నాళ్ళకి నడుము పట్టేస్తుంది. బయట యార్డులో పొట్టి బండి ఒకటి అంతంత ట్రైలర్లని లాక్కుపోతుంటే చూసి, ఈ పనేదో బాగుందే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను. మూడేళ్ళయింది. పని మంచిదే, నాకు ఇష్టమే. కానీ మొదటి నెలలో నాకెవరూ విడమరిచి చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయి. అవి మీకు ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆ పొట్టి బండిని టగ్ అంటారు. కొన్నిచోట్ల షంటర్ అనే అంటారు, నడిపే మనిషినీ అదే మాటతో పిలుస్తారు. ఎక్కువగా కనిపించేది టెర్బెర్గ్ కంపెనీ బండి. ఎం1, ఎం6, ఎం69 మోటార్‌వేల మధ్య ఉన్న ఈ ప్రాంతంలో అడుగడుగునా గోడౌన్లే. లటర్‌వర్త్ పక్కనున్న మాగ్నా పార్క్ ఒకప్పుడు బిట్స్‌వెల్ విమానాశ్రయం ఉన్న స్థలం. డావెంట్రీలో అయితే సరుకు రైల్లోనూ వస్తుంది. ఇక్కడ లారీ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. ఇక్కడి నుంచి బయల్దేరితే ఆ లోపే దేశంలో చాలా ఊళ్ళు చేరిపోవచ్చు. గోడౌన్లన్నీ ఇక్కడే వెలిసింది అందుకే.

రోడ్డు మీద వచ్చిన డ్రైవరు ట్రైలర్‌ని యార్డులో వదిలేసి, ఇంకోటి తగిలించుకుని వెళ్ళిపోతాడు. అతను వదిలినదాన్ని లోడింగ్ బే (గోడౌన్ గోడకున్న, సరుకు ఎక్కించి దించే తలుపు) దగ్గరికి చేర్చడం, ఖాళీ అయ్యాక తీసి పక్కన పెట్టడం, లోడైనదాన్ని రోడ్డు బండికి అందేలా నిలబెట్టడం మన పని. ఖాళీ చేయడాన్ని ఇక్కడ టిప్ చేయడం అంటారు. 'ఇట్స్ టిప్డ్' అంటే సరుకు దింపేశారని అర్థం. అది తెలియక మొదటి రోజు ఒరిగిపోయిన ట్రైలర్ కోసం యార్డంతా వెతికాను.

ఇక అసలు విషయం, ట్రైలర్ తగిలించడం. దీని మీద కాస్త ఎక్కువే చెబుతాను.

టగ్‌కీ రోడ్డు లారీకీ ముఖ్యమైన తేడా ఒకటుంది. టగ్ వెనక ట్రైలర్‌ని పట్టుకునే ఇనప పళ్ళెం, అంటే ఫిఫ్త్ వీల్, హైడ్రాలిక్స్‌తో పైకి లేస్తుంది. ట్రైలర్ ముందు కాళ్ళని హ్యాండిల్ తిప్పి పైకి ఎత్తక్కర్లేదు, ట్రైలర్ ముందు భాగాన్నే ఎత్తేసి లాక్కెళ్ళొచ్చు. రెండో తేడా, క్యాబిన్‌కి వెనక వైపు తలుపు ఉంటుంది. అందులోంచి నేరుగా వెనక ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చి గాలి పైపులు పెట్టేయొచ్చు, నేల మీదికి దిగక్కర్లేదు. సౌకర్యం కోసం పెట్టిన తలుపే అది. కానీ ప్రమాదం కూడా అక్కడే ఉంది, ఎందుకో చెబుతాను.

ట్రైలర్‌కి రెండు గాలి పైపులు తగిలించాలి, ఎర్రది, పసుపుది. ఇక్కడ వాటిని సూజీలంటారు. రోడ్డు డ్రైవరు ఎర్ర పైపు తీసేయగానే ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. దాంతో ట్రైలర్ కదలదులే అనిపిస్తుంది. కానీ అవి పార్కింగ్ బ్రేకులు కావు. పార్కింగ్ బ్రేకు వేయాలంటే ట్రైలర్ పక్కనున్న ఎర్ర బటన్ని బయటికి లాగాలి. ముందు డ్రైవరు అది లాగకుండా వెళ్ళిపోయాడనుకోండి. మీరు వెనక తలుపులోంచి వచ్చి ఎర్ర పైపు పెట్టగానే గాలి ఎక్కుతుంది, పట్టుకుని ఉన్న బ్రేకులు వదిలేస్తాయి. టగ్ హ్యాండ్‌బ్రేక్ కూడా వేసి లేకపోతే బండీ ట్రైలరూ కలిసి కదులుతాయి, మీరేమో వాటి మధ్యలో నిలబడి ఉంటారు. ఈ దేశంలో ఇలా పోయిన డ్రైవర్లు ఉన్నారు, అందులో ఏళ్ళ తరబడి అనుభవం ఉన్నవాళ్ళూ ఉన్నారు.

నాకు ఇది రెండో నెలలో జరిగింది. నైట్ షిఫ్టు, సన్నగా వాన. ఒకేసారి నాలుగు బేలకి ట్రైలర్లు కావాలని రేడియోలో అడుగుతున్నారు. గేరు న్యూట్రల్‌లో వేశాను, హ్యాండ్‌బ్రేక్ వేశాననుకున్నాను. వెనక తలుపు తీసుకుని వెళ్ళి ఎర్ర పైపు పెట్టాను. బుస్సుమని గాలి ఎక్కింది. కాళ్ళ కింద ప్లాట్‌ఫామ్ మెల్లగా వెనక్కి జరగడం తెలిసింది. ట్రైలర్ వెళ్ళి బే రబ్బరుకి ఆనుకుని ఆగింది, మహా అయితే రెండడుగులు. చేతిలో పసుపు పైపు అలాగే ఉంది. ఆ రాత్రే వెళ్ళి షిఫ్టు సూపర్‌వైజర్‌కి చెప్పాను. ఫారం నింపించాడు, టీ ఇప్పించాడు, మర్నాడు మళ్ళీ మొదటి నుంచి ట్రైనింగ్ ఇచ్చారు. ఉద్యోగం పోలేదు.

ఇప్పుడు నా వరస ఇది. వెనక్కి వచ్చి ట్రైలర్‌కి కొంచెం ముందే ఆగుతాను. హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీదికి దిగుతాను. ట్రైలర్ పక్కకి నడిచి ఎర్ర బటన్ బయటికి ఉందో లేదో చేత్తో పట్టుకుని చూస్తాను. కాళ్ళు గట్టి నేల మీదే ఉన్నాయా, టైర్లు బాగున్నాయా, కింద ఎవరైనా ఏమైనా వదిలేశారా చూస్తాను. మళ్ళీ ఎక్కి, నిదానంగా వెనక్కి వచ్చి, కింగ్ పిన్ (ట్రైలర్ కిందున్న, ఫిఫ్త్ వీల్‌లో ఇరుక్కునే ఇనప మేకు) టక్కున పడ్డాక రెండుసార్లు ముందుకి లాగి చూస్తాను. ట్రైలర్ బ్రేకులు పట్టుకునే ఉంటాయి కాబట్టి బండి కదలకుండా బిగుసుకోవాలి. ఆ తర్వాత మళ్ళీ హ్యాండ్‌బ్రేక్ వేసి, అది వేశానని కళ్ళతో చూసుకుని, అప్పుడు వెనక తలుపు తీస్తాను. ఇదంతా నిమిషంన్నర పని. 'షిఫ్టులో యాభై అరవై ట్రైలర్లు కదపాలి, ప్రతిసారీ దిగితే ఎలా?' అని మీ పక్క షంటరే అనొచ్చు. అననివ్వండి.

బే దగ్గర ఇంకో నియమం ఉంది. ట్రైలర్ లోపల ఫోర్క్‌లిఫ్ట్ తిరుగుతుండగా మీరు లాగేస్తే ఆ మనిషి బండితో సహా కింద పడతాడు. అందుకే బయట ఎర్ర, ఆకుపచ్చ లైట్లు ఉంటాయి. చాలాచోట్ల సాల్వో అనే తాళం కూడా వాడతారు. దాన్ని ట్రైలర్ ఎర్ర పైపు కనెక్షన్‌కి బిగిస్తే ఒక తాళంచెవి బయటికొస్తుంది, ఆ తాళంచెవి ఉంటేనే లోపలివాళ్ళు బే తలుపు తెరవగలరు. తాళం తీసేదాకా ఎర్ర పైపు పెట్టలేం, ట్రైలర్ కదలదు. లోపలి నుంచి ఎవరో చెయ్యి ఊపి 'గో ఆన్ మేట్' అన్నా సరే, లైటు మారి, తాళం మీ చేతికి వచ్చేదాకా కదలొద్దు.

బేకి ఆనించే ముందు ట్రైలర్ వెనక తలుపులు తెరిచి, పక్కకి మడిచి, కొక్కేనికి తగిలించాలి. ఎదురుగా నిలబడి తెరవకండి. లోపల ప్యాలెట్ ఒరిగి తలుపుకి ఆనుకుని ఉండొచ్చు. గాలి రోజుల్లో ఆ తలుపు మనిషిని విసిరికొడుతుంది, రెండు చేతులతో పట్టుకోండి.

రివర్స్ గురించి. మన దగ్గర లారీ వెనక్కి పెట్టాలంటే క్లీనరు దిగి, బాడీ మీద చరుస్తూ 'రానీ, రానీ, రానీ... ఆపు!' అంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో నిలబడితే రోజంతా ఆ కేకే వినిపిస్తుంది. ఇక్కడ క్లీనరు ఉండడు. చాలా యార్డుల్లో వెనక మనిషి నిలబడడమే నిషేధం. అనుమానం వస్తే ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసి రావడమే. పదిసార్లు దిగినా ఎవరూ నవ్వరు. స్టీరింగ్ ఇక్కడా కుడివైపే కాబట్టి, కుడి కిటికీలోంచి ట్రైలర్ వెనక భాగం కనిపించేలా వంపు తీసుకుని రండి. ఎడమవైపు నుంచి వస్తే సగం దారి గుడ్డిగా వచ్చినట్టే. ట్రైలర్ ఎటు పోవాలో దానికి ఎదురు దిక్కుకి స్టీరింగ్ తిప్పాలన్నది అందరూ చెబుతారు. ఎవరూ చెప్పనిది ఏమిటంటే, కొంచెం తిప్పి, ఓపిగ్గా ఆగాలి. 13.6 మీటర్ల ట్రైలర్ నెమ్మదిగా తిరుగుతుంది. తిరగట్లేదని ఇంకా తిప్పేస్తే, తర్వాత ఒక్కసారిగా మడత పడిపోతుంది.

రేడియోలో మాట్లాడటం నాకు రివర్స్ కన్నా కష్టమైంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ రెండూ రేడియోలో ఒకేలా వినిపిస్తాయి. బే పదమూడుకి వెళ్ళాల్సిన ఫ్రీజర్ ట్రైలర్‌ని ముప్ఫైకి పెట్టేశానొకసారి. అప్పటి నుంచి 'వన్ త్రీ', 'త్రీ జీరో' అని అంకెలు విడివిడిగా పలుకుతాను, వాళ్ళు చెప్పింది తిరిగి చెబుతాను. ట్రైలర్ నంబర్లు కూడా అంతే. అర్థం కాకపోతే 'సే ఎగైన్' అనండి, ఎవరూ తప్పు పట్టుకోరు. లెస్టర్ వైపు పెద్దవాళ్ళు 'మీ డక్' అని పిలిస్తే కంగారు పడకండి. మనం 'నాయనా' అన్నట్టే, ఆప్యాయంగా అనే మాట.

లైసెన్స్ సంగతి. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ 12 నెలలు కారు నడపొచ్చు. మీ దగ్గర హెవీ లైసెన్స్ ఉన్నా లారీకి అది పనికిరాదు, మార్చి ఇవ్వరు కూడా. యార్డు ప్రైవేటు స్థలం కాబట్టి కొన్ని కంపెనీలు కారు లైసెన్స్ చూసి, సొంత ట్రైనింగ్ ఇచ్చి తీసుకుంటాయి. చాలా కంపెనీలు సి ప్లస్ ఇ, అంటే ట్రైలర్ లాగే పెద్ద లారీ లైసెన్స్, అడుగుతాయి. టగ్ పబ్లిక్ రోడ్డు దాటాల్సి వస్తే మాత్రం లైసెన్స్ ఉండి తీరాలి. కుదిరితే లారీ లైసెన్స్ వైపు వెళ్ళండి. ముందు ఇక్కడి కారు లైసెన్స్, తర్వాత లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏకి డీ2 ఫారం, డాక్టరు నింపిన డీ4 ఫారం, ఆపైన థియరీ, ప్రాక్టికల్. 2021 నుంచి కారు లైసెన్స్ మీద నేరుగా సి ప్లస్ ఇ పరీక్షకి వెళ్ళొచ్చు. ఆ పరీక్షలో ట్రైలర్ విప్పడం, తగిలించడం, రివర్స్ ఉంటాయి. యార్డులో రోజూ చేసే పనే కాబట్టి ఆ భాగం మనకి తేలిక. జీతానికి రోడ్డు మీద లారీ నడపాలంటే సీపీసీ (వృత్తి డ్రైవర్ల అర్హత పత్రం) కూడా కావాలి, దాన్ని నిలుపుకోవడానికి ప్రతి 5 ఏళ్ళకీ 35 గంటల ట్రైనింగ్.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. షంటర్ ఉద్యోగానికి స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే, అతను తెలుగువాడైనా, మీ ఊరివాడైనా, ఇవ్వకండి. స్కిల్డ్ వర్కర్ వీసాకి ఈ పని లెక్కలోకి రాదు. ఉద్యోగం వెతికిపెట్టినందుకు పనివాడి దగ్గర ఫీజు తీసుకోవడం ఏజెన్సీలకి ఇక్కడి చట్టం ప్రకారమే నిషేధం. అప్పు చేసి అలా కట్టేసిన కుర్రాళ్ళని చూశాను, కడుపు తరుక్కుపోతుంది. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్ళకి కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే. నైట్ షిఫ్టులు రెండు చేస్తేనే దాదాపు అయిపోతుంది, లెక్క పెట్టుకోండి.

ఏజెన్సీ ద్వారా చేరితే ఒకేచోట 12 వారాలు నిండాక కంపెనీ మనుషులతో సమానంగా రేటు రావాలి. నేను చేరిన తేదీ ఫోన్‌లో రాసిపెట్టుకుని, పదమూడో వారం నేనే అడిగాను. పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్ 1257ఎల్ పక్కన ఎం1 గానీ డబ్ల్యూ1 గానీ కనిపిస్తే అది ఎమర్జెన్సీ కోడ్. పన్ను ఎక్కువ కోయవచ్చు, పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి ఫోన్ చేసి సరిచేయించుకోండి.

ట్రైలర్‌కి సొట్ట పెట్టారా, వెంటనే చెప్పండి. ముందే ఉన్న సొట్ట అయితే తగిలించే ముందే ఫోటో తీయండి. తగిలిన దెబ్బకి ఒక మీటింగ్‌తో సరిపెడతారు గానీ, దాచిన దెబ్బని కెమెరాలో చూస్తే ఊరుకోరు.

డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దు కుంకుతుంది. వెనక ప్లాట్‌ఫామ్ మీద మంచు పేరుకుంటుంది, దిగేటప్పుడు మొహం బండి వైపు పెట్టి, కడ్డీ పట్టుకుని దిగండి, దూకొద్దు. ఫిఫ్త్ వీల్ గ్రీజు బట్టలకి అంటితే పోదు, పనికో జత విడిగా ఉంచండి. గ్లోవ్స్ రెండు జతలు తీసుకెళ్ళండి, ఒకటి ఎలాగూ తడుస్తుంది. ఉదయం ఆరు షిఫ్టుకి ఈ పార్కుల దాకా బస్సులు సరిగా ఉండవు, చేరే ముందే తోటివాళ్ళ కారు మాట్లాడుకోండి. తిండికి నేను పులిహోర పట్టుకెళ్తాను. మైక్రోవేవ్ దగ్గర క్యూలో నిలబడే పని ఉండదు, చల్లారినా బాగుంటుంది.

మొదటి వారం మీ ట్రైనర్‌ని అడిగి, షిఫ్టు చివర పని తగ్గిన పావుగంట యార్డు ఖాళీ మూలలో ఒక ట్రైలర్ ఇప్పించుకోండి. ఖాళీది, పొడుగుది అడగండి. ఒకే యాక్సిల్ ఉన్న పొట్టి ట్రైలర్ తేలిక అనిపిస్తుంది గానీ, అది చటుక్కున తిరిగిపోయి కొత్తవాళ్ళని ఏడిపిస్తుంది. రెండు కోన్లు పెట్టుకుని, వాటి మధ్యలోకి కుడివైపు నుంచి రండి. నాకు పన్నెండో రోజున మొదటిసారి ఒక్క ప్రయత్నంలో లోపలికి వెళ్ళింది.