సీబీపీ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: న్యూట్రోఫిల్స్

రిపోర్టులో 7.2 అని ఉంటే టోటల్ కౌంట్ (ఒక మైక్రోలీటరు రక్తంలోని మొత్తం తెల్లకణాల సంఖ్య) ఎంత అని పోయిన పాఠంలో లెక్క ఇచ్చాను, దానికి జవాబు 7,200. టోటల్ కౌంట్ దగ్గర 7.2 అని వేసి, పక్కన పదికి మూడో ఘాతం చూపిస్తే వెయ్యితో హెచ్చవేయాలి. తప్పు చేసినవాళ్లు ఓసారి వెనక్కి వెళ్లి చూసి రండి. ఇవాళ అంతా దానితోనే పని.

ఇంట్లో పాత సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్, అంటే రక్తకణాల పరీక్ష) కాగితం ఉంటే తీసి ముందు పెట్టుకోండి. టోటల్ కౌంట్ కింద డిఫరెన్షియల్ కౌంట్, అంటే ఆ తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే పట్టిక ఉంటుంది. అందులో సాధారణంగా మొదటి వరుస న్యూట్రోఫిల్స్‌ది. కొన్ని ల్యాబ్‌లు ఇంకా పాలిమార్ఫ్స్ అనే వేస్తాయి, కంగారు పడకండి, రెండూ ఒకటే. 1880 ప్రాంతంలో జర్మనీలో పాల్ ఎర్లిక్ గాజుపలక మీద రక్తాన్ని పూసి, రంగులు పట్టించి చూశాడు. ఆమ్ల రంగు పట్టినవి ఇయోసినోఫిల్స్, క్షార రంగు పట్టినవి బేసోఫిల్స్, తటస్థ రంగు పట్టినవి ఇవి. ఇక 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఎలీ మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్లకు ముల్లు గుచ్చాడు. తెల్లారేసరికి కదిలే కణాలు ఆ ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. మన కాలిలో ముల్లు దిగినా అంతే, రక్తంలోంచి ముందుగా పరుగెత్తేవి న్యూట్రోఫిల్సే. రంగులాయనకూ ముల్లాయనకూ 1908లో నోబెల్ కలిపే ఇచ్చారు.

వచ్చిన న్యూట్రోఫిల్ బ్యాక్టీరియాను మింగి, లోపలే చంపుతుంది. ఆ పనిలో తనూ చస్తుంది. సెగగడ్డ నుంచి కారే చీములో ఎక్కువ భాగం ఈ చచ్చిన కణాలే. రక్తంలో దీని ఆయుష్షు గంటల్లోనే, అందుకే ఎముక మూలుగ రోజుకు దాదాపు 10,000 కోట్ల కణాలను కొత్తగా తయారుచేస్తుంది.

సరే, కాగితం దగ్గరికి వద్దాం. పెద్దవాళ్లలో తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ సుమారు 40 నుంచి 75 శాతం. (చిన్నపిల్లల్లో చాలాకాలం లింఫోసైట్స్ అనే మరో రకం తెల్లకణాలదే పైచేయి. ఈ అంకెలతో వాళ్ల రిపోర్టు చదవకండి.) చాలామంది ఈ శాతం చూసి, బాగానే ఉందనుకుని కాగితం మడిచేస్తారు. అక్కడే బోల్తా పడతాం.

ఇద్దరి రిపోర్టులు తీసుకుందాం. ఇద్దరికీ న్యూట్రోఫిల్స్ 70 శాతమే. ఒకరి టోటల్ కౌంట్ 9,000, ఇంకొకరిది 1,800. టోటల్‌ను శాతంతో హెచ్చవేసి 100తో భాగించండి. మొదటివారికి 6,300 వస్తుంది. రెండోవారికి 1,260. దీన్నే అబ్సొల్యూట్ న్యూట్రోఫిల్ కౌంట్ అంటారు. రిపోర్టులో బ్యాండ్ సెల్స్ అని విడిగా ఉంటే ఆ శాతాన్ని కూడా కలుపుకోవాలి, అవి ఇంకా పూర్తిగా ముదరని న్యూట్రోఫిల్స్.

పెద్దవాళ్లకు ఈ అంకె 1,500 కంటే తగ్గితే న్యూట్రోపీనియా. 1,000 దాకా స్వల్పం, 500 దాకా మధ్యస్థం, ఆ కింద తీవ్రం. కాబట్టి మన రెండో మనిషికి శాతం నిక్షేపంగా ఉంది, కణాలే తక్కువ. డెంగ్యూ, టైఫాయిడ్ లాంటి జ్వరాల్లోనూ, కొన్ని మందుల వల్లా ఇలా తగ్గుతుంటాయి. కీమో తీసుకునేవాళ్ల విషయం మాత్రం వేరు. చీము కట్టాలన్నా న్యూట్రోఫిల్స్ ఉండాలి కదా! అవే లేనప్పుడు ఇన్ఫెక్షన్ లోపల ముదురుతున్నా ఎరుపూ, వాపూ, చీమూ పెద్దగా కనిపించవు. జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు. అలాంటివాళ్లకు జ్వరం వస్తే రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెరిగితే? ఎక్కువగా బ్యాక్టీరియా ఇన్ఫెక్షనే, కానీ ఎప్పుడూ కాదు. రక్తనాళాల్లోని న్యూట్రోఫిల్స్‌లో సుమారు సగం గోడలకు అతుక్కుని ఉంటాయి, లెక్కకు రావు. పరుగెత్తినా, టెన్షన్ పడినా, స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నా అవి ఊడి ప్రవాహంలో కలుస్తాయి. నేనోసారి ఆలస్యమైందని మూడంతస్తుల మెట్లు ఎగబాకి, ఆయాసపడుతూనే చెయ్యి చాపాను. కౌంట్ 11,000 దాటి వచ్చింది. రెండు రోజుల తర్వాత నింపాదిగా కూర్చుని ఇస్తే మామూలే. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకుండా డాక్టర్లు మళ్లీ చేయించమనేది అందుకే.

ఇక ఇంటిపని. టోటల్ కౌంట్ 3,200. న్యూట్రోఫిల్స్ 28, లింఫోసైట్స్ 62, మోనోసైట్స్ 7, ఇయోసినోఫిల్స్ 3 శాతం. ల్యాబ్ వాళ్లు లింఫోసైట్స్ పక్కన పైకి బాణం గుర్తు వేశారు. లింఫోసైట్స్ మామూలుగా 1,000 నుంచి 4,000 మధ్య ఉంటాయి. న్యూట్రోఫిల్స్‌కూ లింఫోసైట్స్‌కూ గుణకారం చేసి, ఆ బాణం నిజంగా ఏ వరుసలో, ఎటువైపు ఉండాల్సిందో రాసిపెట్టుకోండి.