విదేశీ యుద్ధంలో చనిపోయిన పెదతాత పేరు ఎక్కడ చెక్కి ఉందో ఎలా కనుక్కోవాలి?

"పెదతాత మిలట్రీకి వెళ్ళి సింగపూర్‌లో పోయాడు." చాలా ఇళ్ళలో కథ ఇక్కడితో ఆగిపోతుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో అలా పోయిన భారత సైనికుల వివరాలు యుద్ధ సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అయితే పేరు పట్టుకుని బయల్దేరితే దారి తప్పుతారు. ముందు కావలసింది సైన్యం ఆయనకిచ్చిన సర్వీస్ నంబరు.

1. ట్రంకు పెట్టె తెరవండి

మొదటి యుద్ధం పతకాలకు అంచు మీద, రెండో యుద్ధం నక్షత్ర పతకాలకు వెనుక వైపు నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి. మొదటి యుద్ధంలో చనిపోయినవారి ఇళ్ళకు 12 సెంటీమీటర్ల కంచు బిళ్ళ కూడా పంపారు. దాని మీద పేరు తప్ప హోదా, నంబరు ఉండవు. వేటినీ చింతపండుతో తోమకండి. పులుపు లోహాన్ని తినేస్తుంది, అంచు మీది సన్నని అక్షరాలు ముందు పోతాయి. ఏటవాలుగా టార్చి వేసి ఫోటో తీస్తే అరిగిన అంకె కూడా తేలుతుంది.

2. వెతకండి

యుద్ధం ఏదో, దళం "ఇండియన్" అనీ ఎంచుకుని నంబరు కొట్టండి. నంబరు లేకపోతే పేరును ఇంటిపేరు గడిలో వేసి, రెండో గడి ఖాళీగా వదలండి. మనవాళ్ళ పేర్లు ఎక్కువగా అలాగే ఎక్కాయి. అప్పలస్వామి దొరక్కపోతే అప్పలసామి, అప్పాలస్వామి చూడండి, ఇంగ్లీషు స్పెల్లింగు చివర "ఐ", "వై" రెండూ మార్చి చూడండి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు మరి.

ఒకే పేరుతో పదిమంది వస్తే "అదనపు సమాచారం" చదవండి. రెండో యుద్ధం వాళ్ళకు తండ్రి పేరు, ఊరు, జిల్లా అక్కడ ఉండొచ్చు. జిల్లా మాత్రం అప్పటిది. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది కాబట్టి ఆ ఊళ్ళను విజగపటం (అప్పటి విశాఖపట్నం జిల్లా) కింద వెతకాలి. దళం తెలియకపోతే మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (ఇంజనీరింగ్ దళం), ఇండియన్ పయనీర్ కోర్ (శ్రామిక దళం), రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ (సరఫరా దళం)లను విడివిడిగా చూడండి.

3. స్థలం వివరం అర్థం చేసుకోండి

సమాధి నంబరు బదులు "కాలమ్" అనో "ఫేస్" అనో ఉంటే విడిగా సమాధి లేదనే అర్థం. పేరు స్మారకం మీద ఉంటుంది. సింగపూర్ క్రాంజీలో 24,000కు పైగా, మయన్మార్‌లో యాంగోన్‌కు ఉత్తరాన తౌక్యాన్‌లో దాదాపు 27,000 పేర్లు ఇలా చెక్కి ఉన్నాయి. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులకు తౌక్యాన్‌లో వేరే స్మారకం ఉంది. బాస్రా (ఇరాక్) అని వస్తే జాగ్రత్త: అక్కడ రాతి మీద భారత అధికారుల పేర్లే చెక్కారు, మామూలు సిపాయిలను అంకెల్లో లెక్క కట్టి వదిలేశారు. ఇది క్షమించరాని పక్షపాతం.

1947 తర్వాత శ్రీలంకలో శాంతిసేనలో పోయినవాళ్ళు ఈ జాబితాలో ఉండరు. వాళ్ళ పేర్లకు ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం చూడాలి.

4. వెళ్తే

కాలమ్ నంబరు కాగితం మీద రాసుకోండి. క్రాంజీలో పై వరసలు కంటికి అందవు, ఫోన్ జూమ్ కావాలి. పేరుకు పసుపు, కుంకుమ పూయకండి. రాయి రంగు పీల్చుకుంటే వదలదు, కర్పూరం మసీ అంతే. పూలు కింద పెడితే చాలు.

5. తిథి

రికార్డులోని తేదీని ఆ ఏటి పంచాంగంతో సరిచూడండి. సింగపూర్ పడిపోయిన 1942 ఫిబ్రవరి 15 మాఘ బహుళ అమావాస్య. ఒక్క తేదీ కాకుండా "ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు" అని ఉంటే పురోహితుణ్ణి అడగండి. ఆయుధాలతో చనిపోయినవారికి మహాలయ పక్షంలో చతుర్దశి ఎలాగూ ఉంది.

ఇంట్లో ఫోటో ఉంటే దాని వెనుక సర్వీస్ నంబరు, దళం, కాలమ్ నంబరు మెత్తని పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ నొక్కితే గీత ముఖం వైపు ఉబ్బుతుంది.