కంపోస్టబుల్ కవరును సూక్ష్మజీవులు నిజంగా తింటున్నాయా? కుప్పలోనూ ప్లేటులోనూ పరీక్షించే పద్ధతి

కంపోస్టబుల్ అని రాసి ఉన్న కవరును పూలకుండీ మట్టిలో పాతి, ఆరు నెలల తర్వాత తవ్వి చూస్తే చాలాసార్లు అలాగే ఉంటుంది. వెంటనే 'అంతా మోసం' అనేస్తారు. మోసం కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ కవరుకు వర్తించే ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణం కుండీ మట్టి గురించి మాట్లాడదు. 58 డిగ్రీల వేడి కంపోస్టులో 180 రోజుల్లోపు కవరులోని కర్బనంలో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలని, 84 రోజులయ్యాక 2 మిల్లీమీటర్ల జల్లెడపై 10 శాతానికి మించి మిగలకూడదని అంటుంది. ఇవి రెండు వేర్వేరు షరతులు. జల్లెడలోంచి జారిపోవడం అంటే ముక్కలవడం మాత్రమే, కర్బనం గాలిగా మారితేనే ఏదో జీవి దాన్ని తిన్నట్టు. ఇంట్లో, కాలేజీ ల్యాబులో చేసే పరీక్షలు ఎక్కువగా తప్పేది ఈ రెంటినీ ఒకటనుకోవడం వల్లే.

ముందు కవరు సంగతి తేల్చుకోండి

మన దగ్గర దొరికే కంపోస్టబుల్ కవర్లలో ఎక్కువ భాగం పీబీఏటీ అనే పాలిస్టర్‌లో మొక్కజొన్న పిండిపదార్థమో, పీఎల్‌ఏ (పాలిలాక్టిక్ ఆమ్లం) అనే మరో పాలిస్టరో కలిపి చేసినవి. తిరుమలలో లడ్డూల కోసం 2021లో ప్రవేశపెట్టిన డీఆర్‌డీవో కవర్లు కూడా మొక్కజొన్న పిండి ఆధారంగా చేసినవే. కవరు మీద తయారీదారు పేరు, కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం నంబరు ఉన్నాయో లేదో చూడండి. 'ఆక్సో' అన్న మాట కనిపిస్తే పక్కన పెట్టేయండి. అది మామూలు పాలిథీన్‌లో లోహ లవణాలు కలిపినది. ఎండకు పొడి పొడి అవుతుంది, అంతే.

తేలిక పరీక్ష ఒకటుంది. గోరంత ముక్క కత్తిరించి, ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లలో వేసి, గాలి బుడగలు లేకుండా వేలితో లోపలికి నొక్కండి. పాలిథీన్ సాంద్రత నీటి కంటే తక్కువ కాబట్టి పైకి తేలుతుంది. పీబీఏటీ, పీఎల్‌ఏ రెండూ సుమారు 1.25 ఉంటాయి కాబట్టి మునుగుతాయి. తేలిందంటే పరీక్ష అక్కడితో ముగిసినట్టే. మునిగినంత మాత్రాన మంచిదని కాదు, సుద్దపొడి దట్టించిన పాలిథీన్ కూడా మునుగుతుంది.

వేడి నిలిచే కుప్ప

పీఎల్‌ఏ గాజులా బిగుసుకుని ఉండే స్థితి నుంచి మెత్తబడేది 55–60 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లగా ఉంటే నీరు దాని పొడవాటి అణువుల గొలుసుల్లోకి చొరబడి తెంచడం చాలా నెమ్మది. గొలుసులు పొట్టివి కానిదే సూక్ష్మజీవికి అందవు. అందుకే వేసవిలో కూడా 40 దాటని బాల్కనీ డబ్బాలో పీఎల్‌ఏ గ్లాసు నెలల తరబడి నవ్వుతూ కూర్చుంటుంది. వానపాములు 35 డిగ్రీలు దాటితే బతకవు కాబట్టి వర్మీ బెడ్‌లో ఈ పరీక్ష పెట్టొద్దు.

కుప్ప కనీసం మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉండాలి. చిన్నదైతే వేడి బయటికి పోతుంది. ఎండుటాకులో, 5 సెంటీమీటర్లకు తరిగిన వరిగడ్డో రెండు బుట్టలు, కూరగాయల చెత్తో పచ్చిగడ్డో ఒక బుట్ట, తాజా పేడ పావు బుట్ట చొప్పున కలపండి. మొత్తంలో పదో వంతు బాగా మాగిన పాత కంపోస్టు వేయండి. మనకు కావలసిన జీవులు అందులోనే ఉంటాయి. బజారులో అమ్మే 'కల్చర్' ప్యాకెట్ల మీద డబ్బు పెట్టే ముందు ఇది చేసి చూడండి. మా అభిప్రాయంలో చాలావరకు వాటి అవసరం పడదు.

తేమ 50–60 శాతం ఉండాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో రెండు మూడు చుక్కలు రావాలి. ధారగా కారితే లోపల గాలి ఆడక పుల్లటి కుళ్లు వాసన వస్తుంది, ఎండుటాకులు కలిపి తిరగేయండి. అమోనియా ఘాటు వస్తే పచ్చి సరుకు ఎక్కువైనట్టు. బూడిద, సున్నం వేయొద్దు, క్షారం పెరిగి ఆ ఘాటు ఇంకా ఎక్కువవుతుంది. మూడు నాలుగు రోజుల్లో నడిబొడ్డు 55 డిగ్రీలకు చేరాలి. పొడవాటి కాడ థర్మామీటరు తప్పనిసరి. 65 దాటితే తిరగేయండి, లేకుంటే పనిచేసే జీవులే చచ్చిపోతాయి. రెండు మూడు వారాల్లో కుప్ప చల్లారుతుంది. పది పదిహేను రోజులకోసారి పచ్చి చెత్త, పేడ కలిపి తిరగేస్తూ ఉంటేనే 84 రోజులూ వేడి నిలుస్తుంది. ఎక్కువ పరీక్షలు ఓడిపోయేది ఇక్కడే: మొదటి నెల వేడిగా ఉండి, తర్వాత కుప్ప మామూలు మట్టిలా మారిపోతుంది.

50–60 డిగ్రీల పొరలో తెల్లటి బూడిద చల్లినట్టు కనిపిస్తే సంతోషించండి. అది బూడిద కాదు, ఆక్టినోమైసీట్లు అనే, దారాల్లా పెరిగే బాక్టీరియా. పీబీఏటీ లాంటి పాలిస్టర్లను కోసే థర్మోబిఫిడా ఫుస్కా ఈ కోవకే చెందుతుంది. పీఎల్‌ఏను తినే జీవిగా మొదట, 1997లో, జపాన్ పరిశోధకులు చూపిన అమైకొలాటాప్సిస్ కూడా ఇదే వర్గం. తిరగేసేటప్పుడు ఎన్‌95 మాస్కు పెట్టుకోండి. వేడి కంపోస్టులో ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు బాగా పెరుగుతుంది, దాని విత్తనాలు ఊపిరితిత్తులకు చేటు. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పజెప్పాలి.

సంచులు, తూకం

30 మైక్రాన్ల కవరు నుంచి 5×5 సెంటీమీటర్ల ముక్క కోస్తే అది సుమారు 0.09 గ్రాములే తూగుతుంది. గ్రాములో వందో వంతు వరకు చూపే త్రాసు మీద అంటే పదో వంతు తేడా వచ్చేస్తుంది. కాబట్టి ఒక్కో సంచిలో పది ముక్కలు పెట్టండి, మొత్తం 0.9 గ్రాముల పైచిలుకు వస్తుంది. తూచే ముందు 40 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టండి. వంద డిగ్రీల ఓవెన్‌లో పెడితే ముక్కలు ముడుచుకుపోతాయి.

సంచికి నైలాన్ దోమతెర గుడ్డ వాడండి, నూలు గుడ్డ దానంతట అదే కుళ్లిపోతుంది. కుట్టడానికి చేపల గాలపు దారం పనికొస్తుంది. మార్కరు రాతలు చెరిగిపోతాయి, అల్యూమినియం రేకు ముక్క మీద మేకుతో నంబరు గీసి కట్టండి. మూడు రకాల సరుకు కావాలి: పరీక్షించే కవరు, వడపోత కాగితం, మామూలు పాలిథీన్. ఒక్కోదానికి మూడు సంచుల చొప్పున 15, 30, 60, 84 రోజులకు తీయాలంటే మొత్తం 36 సంచులు. కాగితం త్వరగా మాయమవ్వకపోతే కుప్పలోనే లోపం, కవరును తిట్టి లాభం లేదు. పాలిథీన్ బరువు తగ్గినట్టు కనిపిస్తే మీ తూకంలోనే లోపం. సంచులు ఉపరితలం నుంచి 30–40 సెంటీమీటర్ల లోపల ఉండాలి, ప్రతి తిరగేతకూ మళ్లీ అక్కడికే చేర్చాలి.

తీసినప్పుడు మెత్తటి బ్రష్‌తో, పారని నీళ్లలో కడిగి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, ఆరబెట్టి తూచండి. ఇక్కడ రెండు భ్రమలు ఎదురవుతాయి. పిండిపదార్థం కలిసిన కవరు మొదటి రెండు మూడు వారాల్లో గబగబా బరువు తగ్గి ఆగిపోతే, పోయింది పిండి మాత్రమే, పాలిస్టర్ అలాగే ఉంది. రెండోది పీఎల్‌ఏది: అది పాలలా తెల్లబారి, పట్టుకుంటే విరిగిపోతుంది. అది సూక్ష్మజీవుల పని కాదు, వేడి నీళ్ల పని. దీన్ని పట్టుకోవడానికి ఒక ముక్కను మరిగించి చల్లార్చిన నీళ్లలో వేసి, మూత బిగించి 58 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచండి. అక్కడా అలాగే తెల్లబారుతుంది.

తిన్నాయని చూపించేది కార్బన్ డయాక్సైడ్. ఐదు లీటర్ల గాజు జాడీలో పొడి బరువు లెక్కన 25 గ్రాముల మాగిన కంపోస్టు, 2 గ్రాముల కవరు ముక్కలు, తగినంత తేమ, పక్కన చిన్న బీకరులో 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 50 మిల్లీలీటర్లు, ఇంకో బీకరులో నీళ్లు పెట్టి 58 డిగ్రీల దగ్గర మూసి ఉంచండి. రెండు రోజులకోసారి తెరిచి గాలి మార్చి, హైడ్రాక్సైడ్ తీసి బేరియం క్లోరైడ్ వేసి, ఫినాఫ్తలీన్ సూచికతో హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి. కంపోస్టు లేని ఖాళీ జాడీలో పెట్టిన హైడ్రాక్సైడ్‌కు పట్టిన ఆమ్లం నుంచి దీనికి పట్టినది తీసేసి, ఆ తేడాను నార్మాలిటీతోనూ 22తోనూ గుణిస్తే మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కవరు లేని కంపోస్టు జాడీ కూడా పక్కనే నడవాలి, ఎందుకంటే కంపోస్టు తనంతట తానే చాలా ఊపిరి వదులుతుంది. కవరు జాడీలోంచి దాన్ని తీసేయగా మిగిలిందే లెక్క. ఒక గ్రాము పీబీఏటీలోని కర్బనమంతా మారిపోతే వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2.3 గ్రాములు. బేరియం లవణాలు విషం, నోటితో పీల్చే పిపెట్టు వాడొద్దు.

తినే జీవిని విడదీయడం

ఇది ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే పాత్ర), ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే గూడు) ఉన్న ల్యాబులో చేయాల్సిన పని. సూత్రం తేలికే: పాలిమర్‌ను (అంటే కవరులోని ప్లాస్టిక్ పదార్థాన్ని) సన్నగా చెదరగొట్టి, సూక్ష్మజీవులను పెంచే గట్టి జెల్లీ అయిన అగర్‌లో కలిపితే ప్లేటు పాలలా ఉంటుంది, దాన్ని కోసే ఎంజైము వదిలే కాలనీ చుట్టూ పారదర్శక వలయం ఏర్పడుతుంది.

లీటరు నీటికి మోనోపొటాషియం ఫాస్ఫేట్ 0.7, డైపొటాషియం ఫాస్ఫేట్ 0.7, మెగ్నీషియం సల్ఫేట్ 0.7, అమోనియం నైట్రేట్ 1, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 0.1, అగర్ 15 గ్రాములు వేసి, ఇనుము, జింకు, మాంగనీసు సల్ఫేట్లు చిటికెడు కలిపి ఆటోక్లేవ్ చేయండి. మొదటిసారి చేసేవాళ్లు పీసీఎల్ (పాలికాప్రోలాక్టోన్) అనే పాలిస్టర్‌తో మొదలుపెట్టడం మేలు. ఒక గ్రాము పీసీఎల్‌ను 20 మిల్లీలీటర్ల అసిటోన్‌లో 45–50 డిగ్రీల నీటి తొట్టిలో కరిగించి, 50 డిగ్రీలకు చల్లారిన ఈ అగర్ మిశ్రమాన్ని (మీడియంను) వేగంగా తిప్పుతూ అందులో సన్నటి ధారగా పోయండి. దగ్గర్లో మంట ఉండకూడదు. మీడియం ఇంకా వేడిగా ఉంటే అసిటోన్ ఒక్కసారిగా పొంగుతుంది. పీసీఎల్ కలిపాక ఆటోక్లేవ్ చేయొద్దు, 60 డిగ్రీలకే కరిగి ముద్దకడుతుంది.

సగం తిన్నట్టున్న కవరు ముక్క ఒక గ్రాము తీసుకుని 9 మిల్లీలీటర్ల 0.85 శాతం ఉప్పునీటిలో అరగంట ఊపండి. పది రెట్ల చొప్పున పల్చన చేస్తూ, మూడు నుంచి ఆరో మెట్టు వరకు 0.1 మిల్లీలీటరు చొప్పున పరవండి. ఒక జత 30 డిగ్రీలకు, ఒక జత 50 డిగ్రీలకు. 50 దగ్గర ప్లేట్లు ఎండిపోతాయి కాబట్టి 25–30 మిల్లీలీటర్లు మందంగా పోసి, సంచిలో పెట్టి ఉంచండి. మొదటి మూడు రోజుల్లో వచ్చే పెద్ద కాలనీల మీద మోజు పడకండి. ఆక్టినోమైసీట్లకు వారం రెండు వారాలు పడుతుంది. కాలనీ పెరిగిందన్నది సాక్ష్యం కాదు, అగర్‌లోని మలినాల మీద కూడా పెరుగుతుంది. వలయం ఉన్నదాన్నే మూడుసార్లు గీసి శుద్ధి చేయండి.

పీసీఎల్ చాలా ఉదారమైన పాలిమర్, మామూలు కొవ్వు కోసే లైపేజులకు కూడా లొంగిపోతుంది. దాని మీద వలయం వచ్చిన జీవి పీబీఏటీని తింటుందని చెప్పలేం. కవరునే డైక్లోరోమీథేన్‌లో కరిగించి, అడుగున దిగిన పిండి, సుద్దను వేరుచేసి, పైతేటను మీడియంలో సోనికేటర్‌తో (ధ్వని కంపనాలతో చెదరగొట్టే పరికరం) చెదరగొట్టి, ద్రావకం పూర్తిగా ఎగిరిపోయాక మళ్లీ పరీక్షించండి. పలుచటి నైట్రైల్ గ్లౌజుల్లోంచి డైక్లోరోమీథేన్ త్వరగా దిగిపోతుంది, చేతి మీద పడితే గ్లౌజు వెంటనే మార్చండి. మిశ్రమం నిలవడానికి ట్వీన్ 80 వాడొద్దు, అది కూడా ఎస్టరే, బాక్టీరియా ముందు దాన్నే తింటుంది. పీఎల్‌ఏ మీద వలయం రాకపోతే మీడియంలో 0.1 శాతం జెలటిన్ కలిపి చూడండి. పీఎల్‌ఏను కోసే ఎంజైమును తయారుచేసేలా అమైకొలాటాప్సిస్‌ను జెలటిన్ పురికొల్పుతుంది.

దొరికిన జీవిని 20 శాతం గ్లిజరాల్‌లో మైనస్ 80 దగ్గర దాచుకోండి. దాన్ని బకెట్లలో పెంచి కుప్పలో పోస్తే వేగం పెరుగుతుందని ఆశపడొద్దు, అక్కడున్న కోట్ల జీవుల మధ్య నిలదొక్కుకోలేదు. వేడి, తేమ సరిచేస్తే ఉన్నవే పని చేస్తాయి. వాడిన ప్లేట్లను 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే పారేయండి. జల్లెడపై మిగిలిన ముక్కలు పొలానికో కుండీలకో కాకుండా తర్వాతి వేడి కుప్పలోకి వెళ్లాలి.