బికినీ వైపు శాంపిల్స్‌కి వెళ్తున్నారా, అయితే నోరు జాగ్రత్త

పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవులకి, అదీ బికినీ ఎనివెటాక్ లాంటి చోట్లకి మట్టీ గట్రా శాంపిల్స్ తేవడానికి వెళ్తున్నా అంటే ఇంట్లో వాళ్ళు ముందు అడిగేది రేడియేషన్ సూట్ వేసుకుంటావా అనే. మామూలు శాంపిలింగ్‌కి అదేం అక్కర్లేదండీ. 1946 నుంచి 1958 దాకా అమెరికా అక్కడ 67 అణు పరీక్షలు చేసింది, 1954 మార్చి 1న పేల్చిన బ్రావో అనే బాంబు ఒక్కటే 15 మెగాటన్నులు, అయినా ఇప్పుడు నాలుగు రోజులు ఇసుకలో తిరిగితే ఒంటికి తగిలేది తక్కువే, గొడవంతా నోట్లోకీ ముక్కులోకీ పోయేదాంతోనే.

ముందు కొబ్బరి బోండాలు. ఎండకి నాలుక పిడచకట్టుకుపోయి ఎదురుగా చెట్టు నిండా కాయలుంటే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు, కానీ వద్దు. అక్కడిది పగడపు మట్టి, పొటాషియం బాగా తక్కువ, అందుకని చెట్టు దాన్ని పోలిన రేడియోధార్మిక సీజియం-137ని లాగేసుకుని కాయలోకి పంపిస్తుంది. 1970లలో సొంత ఊరని తిరిగొచ్చిన బికినీ జనం అక్కడ పండినవి తిని ఒంట్లో సీజియం పెరిగిపోయి 1978లో మళ్ళీ ఊరు ఖాళీ చెయ్యాల్సొచ్చింది, పాపం. కొబ్బరి పీతని కూడా శాంపిల్‌గానే చూడండి, కూరగా కాదు, దాని పెంకులో స్ట్రాన్షియం-90 అనే ఇంకో రేడియోధార్మిక పదార్థం చేరుతుంది, పైగా అది విడిచిన పెంకుని అదే తినేస్తుంది కాబట్టి చేరింది బయటికి పోదు. చేపల్లో సీజియం తక్కువే గానీ సిగువటేరా అనే విషం ఉండొచ్చు, వాసన రాదు రుచి తెలీదు ఎంత ఉడికించినా పోదు. తిండీ నీళ్ళూ మొత్తం పడవలోనే తీసుకెళ్ళండి, లెక్కకి కాస్త ఎక్కువే.

మట్టి తవ్వేటప్పుడు, ముఖ్యంగా ఎనివెటాక్‌లో రూనిట్ అనే దీవి వైపు అయితే, భయం ప్లూటోనియంతో. దాని ఆల్ఫా కిరణాలు చర్మం దాటలేవు, కానీ దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే తిష్ట వేస్తుంది. రేడియేషన్ కొలిచే మామూలు గామా మీటర్ ఆల్ఫాని పట్టదు, అది కుయ్యిమనలేదని మాస్క్ తీసేయకండి. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి తవ్వండి, గ్లవ్స్ తీసి చేతులు కడిగేదాకా బిస్కెట్ కూడా ముట్టొద్దు.

పగడం గీసుకుంటే చిన్నదేలే అని వదిలేయకుండా వెంటనే మంచినీళ్ళతో కడిగి కట్టు కట్టండి, ఎందుకంటే పెద్దాసుపత్రి అంటే మజురోలోనో ఈబైలోనో, మధ్యలో అంతా సముద్రమే.

ఆ, లేబుళ్ళు పెన్సిల్‌తోనే రాయండి, సంచి లోపలొకటి బయటొకటి, ఉప్పునీళ్ళకి ఇంకు పోతే ఏ దీవి మట్టి ఏదో ఎవరికీ తెలీదు.